లప్పం అంటని పలక

మేస్త్రికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, కాగితాల మీద సంతకానికి తప్ప అది దేనికీ పనికి రాలేదు. వీధికంతా ఆయన లప్పం మేస్త్రి. తలుపు చెక్క పగిలినా, బల్ల కాలు పురుగు తొలిచినా, గుమ్మానికీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు మిగిలినా, ఆయన ఇంత లప్పం మెత్తి, గరుకు కాగితం పట్టి, పైన రంగు వేశాడంటే ఎక్కడ పూడ్చాడో మర్నాటికి ఆయనే పోల్చుకోలేడు. ఆ పేరు పెట్టినవాళ్లు ఎగతాళికే పెట్టారు. ఆయన దాన్ని ముప్ఫై ఐదేళ్లు బిరుదులా మోశాడు.

అలాంటి మనిషి షెడ్డుకి ఒక పొద్దున లప్పం అంటని పలక వచ్చింది.

తెల్లగా, రెండు వేళ్ల మందాన, చిన్న తలుపంత ఉంది. పడవల పనికి వాడే ప్లాస్టిక్కు బోర్డు. దాన్ని బండి మీంచి దించిన షాపాయన చేతులు దులుపుకుంటూ చెప్పాడు.

"ఇది నీళ్లు తాగదు, చెద పట్టదు, కుళ్లదు. కానీ మేస్త్రి గారూ, దీని దగ్గర మీ విద్యలు సాగవు. జిగురు అంటదు. రంగు అంటదు. లప్పం అసలే అంటదు. ఎక్కడ ఎలా కోస్తే అదే ఖాయం. బోల్టులు వేసి బిగించుకోవడమే."

"అంటించే చేతిని బట్టి ఉంటుందిలెండి" అన్నాడు మేస్త్రి.

"చేతికేం తెలుస్తుందండీ. అది ప్లాస్టిక్కు." షాపాయన నవ్వి బండెక్కాడు. ఎక్కాక మళ్లీ వంగి, "ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. బోల్టు కన్నా బెజ్జం కాస్త పెద్దది వెయ్యండి. ఇంకో బోర్డు కావాలంటే నెల రోజులు పడుతుంది, చూసి కొయ్యండి" అన్నాడు.

ఆ బోర్డు మేస్త్రి చెల్లెలి పడవకి. పడవ షెడ్డు ముందే, రెండు దుంగల మీద, ఏడాదిగా బోర్లా పడుకుని ఉంది. పదిమందిని ఎక్కించుకునే అల్యూమినియం పడవ. చెల్లెలూ ఆవిడ మొగుడూ కలిసి దాన్ని నడిపేవారు. ఏటికి ఈ ఒడ్డున పనివాళ్లని ఎక్కించుకుని ఆ ఒడ్డున కర్మాగారం గేటు దగ్గర దించడం, సాయంత్రం మళ్లీ తీసుకురావడం. నిరుడు ఒక సాయంత్రం ఖాళీ పడవ తీసుకుని అతనొక్కడే తిరిగి వస్తుంటే, నడి నీళ్లలో ఇంజను దాన్ని మోసే చెక్కతో సహా ఊడి మునిగిపోయింది. ఇంజను లేని పడవని ప్రవాహం అడ్డంగా తోసుకెళ్లి రైలు వంతెన స్తంభానికి కొట్టి తిరగేసింది. పడవ దొరికింది. మర్నాడు అతనూ దొరికాడు. ఇంజనూ, ఆ చెక్కా ఇంతవరకూ దొరకలేదు.

ఏదో దుంగ తగిలి ఉంటుందన్నారు రేవులో అందరూ. చెల్లెలు మాత్రం దుంగ మాట ఎప్పుడూ అనలేదు.

"ఆ పొద్దున ఇంజను బిగించింది నేనే అన్నయ్యా" అనేది. "ఆయనకి వేలు తెగి కట్టు కట్టుకున్నాడు. నువ్వు బిగించవే అన్నాడు. నేనే బిగించాను. ఎన్ని చుట్లు తిప్పానో ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. వదులుగా ఉండి ఇంజను అదిరి అదిరి చెక్కని పెరికేసిందేమో."

ఏడాదిలో ఈ మాట ఆయనతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అన్నప్పుడల్లా మేస్త్రి ఒకటే జవాబు చెప్పేవాడు. "ఊరుకోమ్మా. జరిగేది జరగక మానుతుందా." ఎవరైనా అనే మాటే అది. మేస్త్రి అనకూడని మాట.

ఎందుకంటే ఆ చెక్క సంగతి ఆయనకి తెలుసు. ప్రమాదానికి నాలుగు నెలల ముందు పడవ రంగుకని షెడ్డుకి వచ్చింది. పాత రంగు గీకుతూ ఇంజను చెక్క కింది అంచున స్క్రూడ్రైవరు ఆనిస్తే లోపలికి దిగింది. నొక్కకుండానే రెండు కణుపుల మేర దిగింది. మూడేళ్ల కిందట ఆ చెక్క కోసి అమర్చింది ఆయనే. ఆ రోజుల్లో చేతినిండా పనుండి, అంచులకి రంగు పట్టించకుండానే బిగించేశాడు. అంచులు నీళ్లు తాగాయి.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మూడేళ్లకే కుళ్లిన పని నాదని నోటితో ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అందులోనూ బావ ముందు. వయసులో చిన్నవాడైనా చెల్లెలి మొగుడు కాబట్టి బావగారే, ఆ బావగారేమో ఆయన పనితనం గురించి రేవంతా గొప్పలు చెప్పుకునే మనిషి. ఈ రద్దీ రోజులు పోయాక ఏదో వంక పెట్టి మార్చేద్దాంలే అనుకున్నాడు. చేతికి అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి. లప్పం, గరుకు కాగితం, రెండు పూతల బూడిద రంగు. బావ వచ్చి దాని మీద అరచెయ్యి వేసి నిమిరి, "నీ చేతిలో ఏదో ఉంది బావా" అన్నాడు. పైన పటారం, లోన లొటారం. ఆ మాటకి మేస్త్రి నవ్వాడు కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ అన్నం దిగదు.

ఇప్పుడు చెల్లెలు పడవ తనే నడుపుతానంది. గిడ్డంగిలో సంచులు కుట్టే పని చేస్తోంది గానీ, నీళ్ల మీద బతికిన మనిషికి ఆ పనిలో ఊపిరాడటం లేదు. వెల్డింగు అతను పడవ సొట్టలు తీసి, వెనక పక్క లోపల దన్నుగా కొత్త పట్టీలు వేసి ఇచ్చాడు. ఇంజను మోసే పలక ఒక్కటే మిగిలింది. ప్లాస్టిక్కు వేద్దామన్నది మేస్త్రే.

"చెక్క బాగానే ఉండేదిగా అన్నయ్యా. నువ్వు చేసిందేగా" అంది చెల్లెలు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన కంగారుపడ్డాడు. "చెక్కకేం, బాగానే ఉంది. అంటే, ఇప్పుడందరూ ఇదే వేస్తున్నారు" అని సంచిలో లేని పెన్సిలు వెతికాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆయనకీ తెలుసు.

బోర్డులో సరిగ్గా రెండు ముక్కలకే చోటుంది. పడవ వెనక రేకుకి బయట ఒకటి, లోపల ఒకటి, రెండింటినీ రేకునీ కలిపి బోల్టులు. మేస్త్రి అట్ట కోసి నమూనా చేశాడు. కింద నాలుగు, పైన రెండు బోల్టు బెజ్జాలు, కుడి పై మూలన తీగలు పోవడానికి బొటనవేలంత బెజ్జం ఒకటి. పెన్సిలు గీత ఆ తెలుపు మీద నిలవలేదు. మేకు మొనతో గీసుకున్నాడు.

కోత మొదలెట్టాక గానీ ఆ వస్తువు స్వభావం తెలియలేదు. చెక్కకి పనికొచ్చే సన్నపళ్ల బ్లేడుతో జిగ్‌సా కోత మిషను వేగంగా నడిపితే, కోసిన చోట వేడికి కరిగి వెనకాలే మళ్లీ అతుక్కుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కోతే లేదు. మేస్త్రి జన్మలో అలాంటిది చూడలేదు. పెద్ద పళ్ల బ్లేడు వేసి, వేగం తగ్గించి, ఆగకుండా తోస్తే అప్పుడు తెగింది. అంచులు గుండ్రం చెయ్యడానికి రూటరు మిషను పెడితే పొడవాటి తెల్లని చుట్టలు లేచి చొక్కాకీ, చేతి వెంట్రుకలకీ, కనుబొమలకీ అంటుకున్నాయి. ఏదీ అంటదన్న వస్తువు తరుగు మాత్రం మనిషిని వదల్లేదు. గరుకు కాగితం పట్టిస్తే నున్నబడటానికి బదులు నూగు లేచింది. చివరికి బ్లేడు అంచుతో గీకుతూ పోయాడు. వాసన లేదు. ముప్ఫై ఐదేళ్లుగా షెడ్డులో కోత అంటే ఒక వాసన. అది లేకపోయేసరికి ఎవరో పరాయి వాళ్ల షెడ్డులో పని చేస్తున్నట్టుంది ఆయనకి.

రెండో రోజు బెజ్జాలు వేస్తూ తప్పు చేశాడు. చెక్కకి ముఖం ఉంటుంది, వీపు ఉంటుంది. చార చూసి చెయ్యే చెబుతుంది ఏది ఎటో. ఈ పలకకి రెండు వైపులా ఒకటే తెలుపు. లోపలి ముక్క మీద అట్టని తిరగేసి పెట్టాడు, చూసుకోలేదు. బోల్టు బెజ్జాలు రెండు పక్కలా సమానమే కాబట్టి వాటికి ఇబ్బంది రాలేదు. తీగల బెజ్జం మాత్రం కుడి మూలన రావాల్సింది ఎడమ మూలన పడింది. వాషర్లు కూర్చోవడానికి ఆ వైపే గుంటలు తీసేశాడు కాబట్టి ముక్కనే తిరగేసి బిగించే వీలూ లేకపోయింది.

తప్పు చిన్నదే. పైమూల కాబట్టి బలానికి దాంతో పని లేదు. కుడి పక్కన ఇంకోటి వేసుకుంటే సరిపోతుంది. చెల్లెలు వచ్చినప్పుడు "ఇదిగో, తిరగేసి పెట్టానమ్మా" అంటే ఆ పిల్ల నవ్వి ఊరుకునేది కూడా. అంత మాత్రం మాట నోటికి రాలేదు. చెయ్యి తనంతట తను లప్పం డబ్బా మీదికి పోయింది.

మామూలు లప్పం కాదు, రెండు రకాలు కలిపి గట్టిపడేది తీశాడు. బెజ్జం లోపల మేకుతో గరుకు చేసి, వెచ్చబెట్టి, కూరి, ఎండాక బ్లేడుతో గీకాడు. తెలుపులో తెలుపు కలిసిపోయింది. టీ తీసుకొచ్చిన భార్య పక్కన నిలబడి చూసింది.

"అంటదని ఆ షాపాయన చెప్పాడుగా మీకు."

"అంటిందిగా."

"ఇవాళ అంటింది" అని గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది ఆవిడ.

సెలవు రోజు పొద్దున్నే చెల్లెలు వచ్చింది. పడవని వెల్లకిలా తిప్పించి ఉంచారు. మేస్త్రి బయట నిలబడి బోల్టులు పట్టుకుంటే, చెల్లెలు పడవలో మోకాళ్ల మీద కూర్చుని లోపల నట్లు బిగించింది. స్పానరు తిప్పుతూ పైకే లెక్కపెట్టింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. ఒకదాని మీంచి ఇంకోదానికి పోయింది, మళ్లీ మొదటి దానికి వచ్చింది. "దీనికి పదహారా, పదిహేడా?" అని విప్పి మళ్లీ మొదటి నుంచి తిప్పింది. అరచేతిలో పొక్కు లేచి చితికింది. మేస్త్రి చాలన్నాడు. వినలేదు.

"ఈసారి నాకు గుర్తుండాలి" అంది.

పన్నెండు దాటేసరికి రేకు చెయ్యి పెట్టలేనంత కాలింది. పలకా వేడెక్కింది. చెల్లెలు ఆఖరి నట్టు మీద ఒళ్లంతా వేసి తిప్పింది. టప్పుమని చిన్న చప్పుడు. ఎడమ పై మూల నుంచి తెల్లటి చిన్న దిమ్మ ఒకటి ఊడి ఆవిడ ఒళ్లో పడింది.

చెల్లెలు స్పానరు వదిలేసింది. ఆ దిమ్మని చేతిలోకి తీసుకుంది. బొటనవేలి చివరి కణుపంత ఉంది, అంచున ఎక్కడా చిన్న ముక్క కూడా పోకుండా వచ్చేసింది. దాని చోట ఖాళీ బెజ్జం, లోపల రేకు మెరుస్తోంది. ఆవిడ మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, ఊడిపోయింది. నేను ఎక్కువ బిగించేశానా?"

మేస్త్రి చూపు ఆ బెజ్జం మీదే ఉంది.

"చెప్పన్నయ్యా. మళ్లీ నేనే ఏదో చేశానా?"

ఆ 'మళ్లీ' ఆయనకి సూటిగా తగిలింది. ఇప్పటికీ ఒక దారి ఉంది, ఆయనకి తెలుసు. కాస్త ఎక్కువైందమ్మా, పర్లేదులే అంటే ఈ పూట గడిచిపోతుంది. నోరు ఆ మాట కోసమే తెరుచుకుంది కూడా.

"నువ్వు కాదు తల్లీ. బెజ్జం తప్పు చోట వేశాను. లప్పంతో పూడ్చాను" అన్నాడు. పడవ అంచు పట్టుకున్నాడు, కాలుతున్నా వదల్లేదు. "ఆ రోజు కూడా నువ్వు కాదు."

చెప్పాడు. స్క్రూడ్రైవరు దిగడం, లప్పం, బూడిద రంగు రెండు పూతలు. పూసగుచ్చినట్టు చెప్పడానికి అందులో అంత కథేమీ లేదు. నాలుగు మాటల్లో అయిపోయింది. ఏడాది పాటు గొంతులో అడ్డం పడింది ఈ నాలుగు మాటలేనా అనిపించింది.

చెల్లెలు ఆ దిమ్మని గుప్పిట్లో మూసుకుంది. తర్వాత అడిగింది, "ఎంత దిగింది?"

మేస్త్రి చూపుడు వేలు మీద రెండు కణుపులు చూపించాడు.

"నాలుగు నెలలు ఆయన దాని పక్కనే కూర్చుని తిరిగాడు."

"ఆఁ."

"నేను ఎక్కాను. వదిన ఎక్కింది. రోజూ అంతమంది ఎక్కారు."

"ఎక్కారు."

"చెప్పుంటే ఏమయ్యేది?"

"ఒక వారం పడవ ఆగేది."

"వారం" అంది చెల్లెలు. ఇంకోసారి కూడా అంది. పడవలోంచి దిగి, ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడుపు లేదు. "ఏడాది పొడుగునా నేను చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నీ ముందే కూర్చుని లెక్కపెట్టాను. నువ్వు విన్నావు. ఊరుకోమ్మా అన్నావు."

"నన్ను ఏమైనా అను."

"ఏమంటాను."

దిమ్మని గుప్పిట్లోనే ఉంచుకుని వీధి వెంట నడిచి వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడిన భార్య అంతా విన్నదని మేస్త్రికి ఆవిడ మొహం చూశాకే తెలిసింది. ఆ పూట కంచంలో అన్నం పెట్టింది గానీ, తినమని అనలేదు.

తొమ్మిది రోజులు చెల్లెలు రాలేదు. మేస్త్రి వేరే పనులు ఒప్పుకోలేదు. పొద్దున లేచి షెడ్డులో కూర్చోవడం, పలక అంచులు గీకినవే గీకడం. అదే బోర్డు తరుగులోంచి బిరడా ఒకటి కోశాడు. మర వేసి ఎక్కిస్తే బెజ్జం నిజంగానే మూసుకుంటుంది, ఊడదు. తెల్లటి బిరడా చేతిలో పట్టుకుని పడవ దగ్గరికి రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ తిరిగొచ్చాడు. లప్పం డబ్బాలు మాత్రం మూడింటినీ మూతలు బిగించి అటక మీద పడేశాడు. అవి అటకెక్కినంత మాత్రాన పోయిన మనిషి తిరిగి రాడని ఆయనకి ఒకరు చెప్పాలా. అయినా పడేశాడు.

పదో రోజు చెల్లెలు వచ్చింది. అన్నయ్యా అని పిలవలేదు. సూటిగా పడవెక్కి పలక చూసింది.

"నీళ్లలో ఎప్పుడు దింపొచ్చు?"

"ఎప్పుడైనా" అన్నాడు మేస్త్రి. జేబులోంచి బిరడా తీశాడు. "ఇది లప్పం కాదు. అదే ప్లాస్టిక్కు. దీన్ని మర వేసి..."

"వద్దు. ఆ బెజ్జం అట్లాగే ఉండాలి. ఎక్కినప్పుడల్లా నాకు కనిపించాలి." ఆయన మొహం కేసి చూసింది. "నీక్కూడా."

మేస్త్రి తలూపాడు.

"నెల నెలా ఒకటో తారీకున, మొదటి ట్రిప్పుకి ముందు రేవుకి రా. సుత్తి తెచ్చుకో. ఈ పలకంతా కొట్టి చూడు. ఎలా ఉంటే అలా చెప్పు."

"ఈ పలక కుళ్లదమ్మా."

"కుళ్లకపోయినా రా" అంది చెల్లెలు.

ఒకటో తారీకు పొద్దున మేస్త్రి సుత్తి పట్టుకుని రేవుకి బయల్దేరాడు. భార్య వాకిట్లోకి వచ్చి, చొక్కా వీపుకి అంటుకున్న తెల్లటి తరుగు ఒకటి తీసిపారేసింది. రేవులో ఎనిమిదిమంది కర్మాగారం వాళ్లు టిఫిను డబ్బాలతో వరసగా నిలబడి ఉన్నారు. ఎవరో, "ఏం లప్పం మేస్త్రీ, పడవకీ మెత్తావా?" అని పాత అలవాటు కొద్దీ అన్నాడు. మేస్త్రి ఆగకుండా పడవ వైపు నడిచాడు. చెల్లెలు అటు తిరిగి చూసేసరికి ఆ మనిషి నవ్వు ఆపేశాడు.

మేస్త్రి పడవెక్కి వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొత్త ఇంజను పలక మీద కూర్చుని ఉంది. ఎడమ మూలన బెజ్జం అలాగే ఉంది. సుత్తితో ఆ చివర నుంచి ఈ చివరకి జానెడుకి ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ, చెవి పలకకి ఆనించి విన్నాడు. ప్రతి నట్టూ వేళ్లతో పట్టి చూశాడు. జనం విసుక్కున్నారు. ఒకతను వాచీ చూసుకున్నాడు. ఒకప్పుడైతే ఆ చూపులకే మేస్త్రి అన్నీ బాగున్నాయని లేచిపోయేవాడు.

"పలక గట్టిగా ఉంది" అన్నాడు. "కింద ఎడమ నట్టు మాత్రం సడలింది. వాషరు నేనే సరిగ్గా కూర్చోబెట్టలేదు. ఇవాళ్టికి బిగిస్తే చాలు. సాయంత్రం విప్పి మార్చాలి."

అందరి ముందే చెప్పాడు. వినాల్సినవాళ్లందరికీ వినబడింది.

చెల్లెలు స్పానరు తీసుకుని వంగింది. నట్టు మీద పెట్టి తిప్పింది, అది ఆగేదాకా తిప్పి స్పానరు తీసేసింది. పెదాలు కదల్లేదు. చుట్లు లెక్కపెట్టలేదు. అది మేస్త్రి చూశాడు. ఏడాదిగా ఆ పెదాలు కదలకుండా ఉండటం ఆయన చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే మొహం నీళ్ల వైపు తిప్పుకున్నాడు.

లేవబోతుంటే చెల్లెలు చెయ్యి చాపింది. చేయూతకి అనుకుని ఆయన తన చెయ్యి ఇవ్వబోయాడు. ఆవిడ చూపు సుత్తి మీద ఉంది. సుత్తి ఇచ్చాడు. చెల్లెలు ఆయన కూర్చున్న చోటే మోకాళ్ల మీద కూర్చుని, పలకని ఆ చివర నుంచి ఈ చివరకి తను మళ్లీ కొట్టి చూసుకుంది. అప్పుడు లేచి జనాన్ని ఎక్కమంది.